రేణుక చేసిన గోధుమ లేని కేకు

ఆ ఆదివారం కోరుట్ల చర్చిలో ప్రభువు బల్ల దగ్గర ప్రేమ్‌సాగర్ ద్రాక్షారసం అందుకున్నాడు గాని, రొట్టె పళ్లేన్ని మాత్రం పక్కవాళ్లకు జరిపేశాడు. వెనక వరుసలోంచి రేణుక అది చూసింది. మనసులో ఏదో తప్పు పెట్టుకున్నవాళ్లు బల్లకు దూరంగా ఉంటారని ఆమెకు చిన్నప్పటి నుంచి తెలుసు. సగం తీసుకొని సగం వదిలే తప్పేమిటో మాత్రం అర్థం కాలేదు.

ఆరాధన ముగిశాక ఆమె చాక్లెట్ కేకు ముక్కలు పంచింది. ఇంట్లోనే కేకులు చేసి ఆర్డర్ల మీద అమ్మే రేణుకకు ఊళ్లో మంచి పేరుంది. ప్రేమ్‌సాగర్ కేకుకూ తల అడ్డంగా ఊపాడు. ఎల్లంతకుంట నుంచి వచ్చి ఇక్కడి రక్తపరీక్షల ల్యాబులో చేరి అతనికి నెల కూడా కాలేదు.

"ఏం బ్రదర్, రొట్టె వద్దు, కేకు వద్దు. మా కోరుట్ల మీద కోపమా?"

"కోపం గాదు సిస్టర్. నాకు గోధుమ పడదు."

"జర తిని నీళ్లు తాగితే అరగదా?"

"అరుగుడు గాదు. సీలియాక్ అంటరు దాన్ని. చిటికెడు గోధుమపిండి లోపలికి పోయినా నా పేగులు పాడైతయి. చపాతి, సేమియా, బిస్కెట్, మైదా, ఏదీ తినొద్దు. బతికినన్నాళ్లు గింతే."

"మరి పుట్టినరోజుకు ఏం కోస్తవ్?"

"పుచ్చకాయ."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వాక సిగ్గేసింది. రొట్టె విరిచి తనను తలుచుకోమన్న ప్రభువుకు ఈ అబ్బాయి కడుపు సంగతి తెలియదా అని ఒక ప్రశ్న కూడా లేచింది. ఎవరినీ అడగలేదు. రాత్రి ప్రార్థనలో మెల్లగా చెప్పుకుంది.

మరునాటి నుంచి రేణుక వంటింట్లో బియ్యప్పిండి కేకులు మొదలయ్యాయి. మొదటిది ఇటుకలా వచ్చింది. రెండోది కత్తి ఆనగానే పొడిపొడిగా రాలింది. తల్లి సరోజన ఆ పొడిలో పాలు పోసుకొని తింటూ అడిగింది.

"గా పిలగాడు నీకేమైతడు బిడ్డా?"

"ఫ్రెండ్."

"ఫ్రెండుకు డజను గుడ్లా?"

మూడోసారి ఇంట్లో ఉన్న, మర పట్టించిన జొన్నపిండి కలిపి, అరటిపండు మెదిపి వేస్తే కేకు మెత్తగా పొంగింది. శుక్రవారం వానలోనే ల్యాబుకు తీసుకెళ్లింది. మెట్ల మీద నిలబడి అతను రెండు ముక్కలు తిన్నాడు. మూడోది తింటూ కేకును వదిలి ఆమెనే చూశాడు.

"పదేండ్లైంది కేకు తినక."

"మెల్లగ తిను బ్రదర్."

"గా బ్రదర్ అనుడు బందు పెడ్తవా?"

రేణుక గొడుగు అక్కడే వదిలేసి తడుస్తూ ఇంటికి వచ్చింది.

ఆదివారం అతను చర్చికి రాలేదు. ఫోన్ ఎత్తలేదు. సోమవారం ఒక మెసేజ్ మాత్రం వచ్చింది: "కేకు బాగుండె. ఇగ చెయ్యకు రేణుకా."

ఆమె ఆ రెండు మాటలను ఎనిమిదిసార్లు చదివింది. బాగుంటే ఎందుకు వద్దు? వద్దంటే పేరు పెట్టి పిలవడమెందుకు? ఆగలేక అతను అద్దెకుండే ఇంటికి వెళ్లింది. ఇంటావిడ కళావతి గేటు దగ్గరే చెప్పింది.

"మూడొద్దుల సంది మంచం దిగలె బిడ్డా. వాంతులు, కడుపునొప్పి."

రేణుక లోపలికి పరుగెత్తింది. గదిలో అతను దిండుకు ఆనుకొని కూర్చున్నాడు.

"నాకెందుకు చెప్పలె?"

"చెప్తే ఏడుస్తవని."

"ఇప్పుడు నవ్వుతున్ననా?"

"నువ్వు మైదా కలపవని నాకు ఎరుకే. గని మళ్ల నీ చేతిది తినాల్నంటే భయమైతుంది. గది ఎట్ల చెప్పాల్నో తెల్వలె."

ఆ మాట ఆమెను వారమంతా వదల్లేదు. ఎవరికి వండిపెట్టాలని మనసు కొట్టుకుంటుందో, ఆ మనిషికే తన చేతివంట అంటే భయం. మైదా వేయలేదు, గోధుమ ముట్టలేదు. మరి ఏం జరిగింది?

శనివారం ఎప్పటిలాగే ఇంటి జొన్నలు పట్టించడానికి గిర్నికి, ఊళ్లో పిండిమరకు, వెళ్లింది. ముందున్నావిడ గోధుమలు అయిపోగానే, గిర్ని నడిపే దేవయ్య మర ఆపకుండానే ఈమె జొన్నలు పైన పోశాడు. కింద గుడ్డ సంచిలోంచి మొదట గోధుమరంగు పిండి రాలి, తర్వాత తెల్లబడింది.

"గదేంది కాకా, ముందుగాల అచ్చింది?"

"ముందటోళ్ల గోధుమపిండి, పిడికెడు. నీది పిడికెడు ఎనకటోళ్లకు పోతది. అందరికి సమానమే."

పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. ఎవరూ ఎన్నడూ పట్టించుకోనిదే. రేణుక డబ్బా అక్కడే వదిలేసి ప్రేమ్‌సాగర్ ఇంటివైపు పరుగులాంటి నడక నడిచింది. గిర్నిలో చూసిందంతా చెప్పింది. అతను విని, "అచ్చే ఆదివారం మీ ఇంటికి అస్త. నా కండ్ల ముందర చెయ్యి," అన్నాడు.

ఆ వారం ఆమె మైదా ఆర్డర్లేవీ తీసుకోలేదు. ఓవెన్ రెండుసార్లు తోమింది. కొత్త మిక్సీ జారు, కొత్త జల్లెడ, కొత్త కేకు గిన్నె కొన్నది. ఆదివారం మధ్యాహ్నం, కడిగి ఎండబెట్టిన బియ్యాన్ని ప్రేమ్‌సాగరే మిక్సీలో పట్టాడు. కోకో డబ్బా మీది అక్షరాలు మూడుసార్లు చదివాడు. కేకు ఓవెన్లోకి వెళ్లాక గోడకు ఆనుకొని అన్నాడు.

"నాతోని ఉంటే ఇంట్ల గోధుమ డబ్బనే ఉండొద్దు. ఎవలింటికి పోయినా వద్దు వద్దు అనాలె. యాష్టకొస్తది, ఇసుగు పుడ్తది నీకు."

"గోధుమకు గాదు. నువ్వు చెప్పకుండ దాస్తే యాష్టకొస్తది. జరమొచ్చినా చెప్పు, భయమైనా చెప్పు."

"అయితే చెప్తున్న. నువ్వంటే నాకు ఇష్టం. గది చెప్పుడుకే అన్నిటికంటె ఎక్కువ భయమైంది."

రేణుక ఓవెన్ అద్దంలోకి చూస్తూ నిలబడింది. "నాక్కూడ," అంది చివరకు, కేకుకు చెప్పినట్టుగా.

కేకు చల్లారింది. ఆమె ముక్క కోసి పళ్లెంలో పెట్టింది గాని, తినమని అనలేదు. అతనే తీసుకొని నోట్లో పెట్టుకున్నాడు.

గుమ్మంలో అంతా వింటున్న సరోజన కొంగుతో చేతులు తుడుచుకుంది.

"గదంత మంచిగనే ఉన్నది గని, పెండ్లికి అచ్చినోళ్లకు పూరీలు ఎట్ల పెడ్తం?"

పెండ్లి మాట ఇద్దరిలో ఎవరూ ఇంకా ఎత్తనేలేదు. ప్రేమ్‌సాగర్ నోట్లో కేకు అలాగే ఉండిపోయింది. రేణుక నీళ్ల గ్లాసు అందించింది. అతను మింగి, రేణుక వైపు ఒకసారి చూసి అన్నాడు.

"బగార అన్నం పెడ్దాం అత్తమ్మా."