లేటెస్ట్ డ్రైవర్ వద్దు

"మధ్యాహ్నం సైరన్ మోగేలోపు ఆ కార్డు పనిచేయాలి. లేదంటే మీ బావను కాల్చేస్తారు," అన్నాడు ఫోన్‌లో చీఫ్.

ఏజెంట్ ముల్లు గడియారం చూశాడు. విదేశీ ముఠాకు చిక్కిన ఏజెంట్ అతనికి స్వయానా అక్క మొగుడు.

జిరాక్స్ షాపు మీది గదిలో, మెకానిక్ వేషంలో ఉన్నాడు ముల్లు. ముందు ముఠావాళ్ల రేడియో ఎక్స్‌పాన్షన్ కార్డు. ల్యాప్‌టాప్ స్లాట్‌లో అది పనిచేస్తే ముఠా రేడియో సంకేతాలు అంది, బావను దాచిన చోటు మ్యాపు మీద తెలుస్తుంది. దాన్ని కాజేసి తెచ్చింది నెమలి, ముఠాలో ఉంటూ మనకు పనిచేసే డబుల్ ఏజెంట్. ఆమె నడిచొస్తే ఫ్యాన్లు కూడా తల తిప్పుతాయని ఆఫీసులో జోకు.

కార్డు తోశాడు. స్క్రీన్ మీద పసుపు త్రికోణం. 'డివైస్ పనిచేయడం లేదు.'

"ల్యాప్‌టాప్‌ను నెట్‌కి కలుపు. కార్డును నడిపే కొత్త డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌ను అదే వెతుక్కుంటుంది," అంది పక్కనే ఉన్న నెమలి.

కలిపాడు. కొత్త డ్రైవర్ దిగింది. త్రికోణం మాత్రం కదల్లేదు. కార్డు తిప్పి చిప్ నంబరు చూశాడు. పాత రకం. కొత్త డ్రైవర్‌లో దాని ఊసే లేదు.

"పాత డ్రైవర్ వేస్తున్నాను సార్," అని చీఫ్‌కు ఫోన్‌లో చెప్పాడు.

"లేటెస్ట్ తప్ప వేయకూడదు. డిపార్ట్‌మెంట్ రూల్. కుదరకపోతే మిషన్ రద్దు, వెనక్కి వచ్చెయ్."

"రాను. అక్కకు మీ రూలు చూపించి ఓదార్చమంటారా?"

ఫోన్ పెట్టేశాడు. వైఫై ఆపి, పెన్‌డ్రైవ్‌లోంచి పాత డ్రైవర్ వేసి రీస్టార్ట్ చేశాడు. అది లేచేలోపు కిటికీలోంచి వీధి చూసొచ్చాడు. కార్డు లైటు పచ్చగా వెలిగి, అతను కూర్చునేసరికి ఆరిపోయింది. మళ్లీ కొత్త డ్రైవరే వచ్చి తిష్ఠ వేసింది. ల్యాప్‌టాప్ నెమలి ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిసి ఉంది.

"వైఫై నేను ఆపాను. నువ్వు పెట్టావు."

నెమలి లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల పిస్టల్ గొట్టం.

"మా నమ్మకం కోసం నిజమైన కార్డే తెచ్చావు. ఎలాగూ పనిచేయదని ధీమా కదూ?" అన్నాడు ముల్లు.

"మీ చీఫ్ రూల్ మాకు కంఠతా వచ్చు."

"నాకు రాదు," అంటూ ముల్లు చార్జర్ లాగి విసిరాడు. అడాప్టర్ ఆమె మణికట్టుకు తగిలింది. తూటా గోడలో దిగింది. అదే తీగతో ఆమెను కుర్చీకి కట్టేశాడు.

ఆమె ఫోన్ ఆపాడు. కొత్త డ్రైవర్‌ను దానంతటదే దించే ఆటో అప్‌డేట్‌నూ ఆపేశాడు. పాత డ్రైవర్ మళ్లీ వేశాడు. ఈసారి లైటు నిలిచింది. మ్యాపు మీద చుక్క పడింది, ఊరి చివరి ఐస్ ఫ్యాక్టరీలో. ఊరి నలుమూలలా కాచుకున్న టీముల్లో దగ్గరిదానికి కబురందించేసరికి సైరన్ మొదలైంది. అది ఆగేదాకా ముల్లు ఫోన్ వైపే చూశాడు. అప్పుడు ఫోన్ మోగింది.

"బావా, బతికే ఉన్నావా?"

"చలికి చస్తున్నాను. దుప్పటి పట్రా."

ముల్లు కళ్లు తుడుచుకున్నాడు. అంతలో చీఫ్ లైన్లోకొచ్చాడు.

"రూల్ దాటావు. మెమో పంపుతున్నాను."

"లేటెస్ట్ ఫార్మాట్‌లోనే పంపండి సార్. నా దగ్గర తెరుచుకోదు."