అరుగు మీద ఆ మాట అన్నదెవరు?

మా ఊరి నెత్తి మీద సున్నపురాయి కొండ ఒకటి గోడలా నిలబడి ఉంటుంది. దాని నడుమ, ఇద్దరు ఒరుసుకుంటే తప్ప పట్టని రాతి అరుగు. అమ్మకానికి పక్షిగూళ్ళు దించే సిల్వెస్త్రే తాత అక్కణ్ణించే జారిపడి చచ్చిపోయాడు. అప్పట్నుంచీ ఆ చోటు మంచిది కాదంటారు.

అక్కడ అడుగు పెట్టేముందు ఎంతటి మొనగాడైనా "తాబి-తాబి పో" అనాల్సిందే. కంటికి కనపడని పెద్దలారా, కాస్త తప్పుకోండి, దారిన పోతున్నాం అని దాని అర్థం. ఆ 'పో' గెంటేసే పో కాదు, మన 'అండీ' లాంటిది. మేయరుగారూ అంటారు. చర్చి ఫాదరుగారు అనరు — ఆయన కొండెక్కరు.

అనకపోతే వాళ్ళు దారి మాయం చేస్తారు. దానికి ఒకటే విరుగుడు... చొక్కా విప్పి, తిరగేసి తొడుక్కోవడం.

క్రిసాంతో మాత్రం అననన్నాడు.

అతను కొండెక్కించే గైడు. ఆదివారం గైడుల సంఘానికి పెద్దను ఎన్నుకోవాలి. పోటీలో ఇద్దరే — అతనూ, డెల్ఫినూ. గైడులందరికీ పొద్దున్నే కాఫీ, అన్నం పెట్టే పాసిటా బల్ల దగ్గర మాటామాటా పెరిగింది.

"దెయ్యానికి దణ్ణం పెట్టేవాడు జనాన్నేం నడిపిస్తాడ్రా?" అన్నాడు క్రిసాంతో. "రేపు తెల్లారేసరికి ఒక్కణ్ణే కొండ కొమ్మున ఉంటా. ఆ మాట అనకుండా. ఊరంతా కిందనుంచి చూడండి."

"ఉంటే నేను పోటీలోంచి తప్పుకుంటా," అన్నాడు డెల్ఫిన్. "భయపడ్డావో, నువ్వు తప్పుకోవాలి."

"ముందు ఇద్దరూ నా బల్ల దగ్గర్నుంచి తప్పుకోండి," అంది పాసిటా.

తెల్లవారుజాము నాలుగింటికి క్రిసాంతో బయల్దేరాడు. ఒంటి మీద ఎర్ర చొక్కా, వీపున తెల్లటి పెద్ద అక్షరాల్లో అతని పేరు. నుదుటికి దీపం. చేతికి తగిలిన రాయల్లా కత్తిలా గీరుకుంటోంది.

అరుగు వచ్చింది.

పెదాలు బిగించాడు. ఒక అడుగు... రెండో అడుగు... ఏమీ లేదు. గబ్బిలం కూడా కదల్లేదు. ఇంతేనా అని నవ్వబోయాడు —

చీకట్లోంచి, సన్నగా, వణుకుతూ...

"తాబి-తాబి పో..."

మనుషులు దెయ్యాన్ని దారి అడగడం క్రిసాంతో పుట్టినప్పట్నుంచీ విన్నాడు. దెయ్యం మనిషిని దారి అడగడం ఎన్నడూ వినలేదు.

"ఎ... ఎవరూ?"

ఎవరిదో ఊపిరి. రెండు రాళ్ళు జారిన చప్పుడు. క్రిసాంతో గబుక్కున దీపం ఆర్పేశాడు — దాన్ని తను చూడకపోతే అదీ తనని చూడదన్నట్టు!

ఎటు పాకాడో తెలీదు. ఒకే వేరు మూడుసార్లు చేతికి తగిలింది. నాలుగోసారి తగిలేసరికి చొక్కా విప్పాడు, తిరగేశాడు, తొడుక్కున్నాడు. అంతే, దారి దొరికింది! చొక్కా మహిమో, అప్పుడే తూర్పు తెల్లబడటమో నేను చెప్పలేను.

ఎండ పొడ పడేసరికి కొమ్మున నిలబడి రెండు చేతులూ ఊపాడు. అది చాలక, పేరు కనపడాలని ఊరివైపు వీపు తిప్పి, చాలాసేపు నిలబడ్డాడు.

కింద ఇసుకలో పడవవాళ్ళ దుర్భిణి చేతులు మారింది. అతని భార్య లూర్దెస్ చేతికొచ్చింది.

"పేరేది?" అంది. దుర్భిణి తుడిచి మళ్ళీ చూసి, "కుట్లు కనపడుతున్నాయేంటి..." అంది.

ఊరు గొల్లుమంది. అందరికన్నా ఎక్కువ నవ్వింది డెల్ఫిన్. ఎక్కణ్ణించి పరిగెత్తుకొచ్చాడో, రొప్పుతూనే తొడలు చరుచుకున్నాడు.

"నవ్వు సరే గానీ, డెల్ఫిన్ తమ్ముడూ," అంది పాసిటా, "నీ చొక్కా జేబు లోపలికి పోయిందేం?"

డెల్ఫిన్ కిందికి చూసుకున్నాడు. నవ్వు ఆగిపోయింది.

సాయంత్రం పంచాయితీ అదే బల్ల దగ్గర.

"ఆ మాట నేనన్లేదు. విన్నాను," అన్నాడు క్రిసాంతో.

"వీణ్ణి కాస్త బెదరగొడదామని దీపం లేకుండా వెళ్ళా. అంతే. నేనూ విన్నానే గానీ అన్లేదు," అన్నాడు డెల్ఫిన్.

"మరి అన్నదెవరు?" అంది పాసిటా.

ఇద్దరి చేతులూ ఒక్కసారే కొండవైపు లేచాయి. నేరం పాపం సిల్వెస్త్రే తాత మీద పడింది! బతికున్నన్నాళ్ళూ ఎదురొచ్చినవాణ్ణి మోచేత్తో నెట్టడమే గానీ, తప్పుకోండని ఒక్కర్ని అడిగి ఎరగడు.

ఆదివారం సంఘం పాసిటాను పెద్దగా ఎన్నుకుంది. ఆమె కొండెక్కి ఎరగదు. కానీ ఆమె తప్పుకోమంటే ఇద్దరూ తప్పుకున్నారు.