అంచుదాకా నింపిన పాటలు

కెటిల్ చెవులు చిల్లులు పడేలా కూస్తోంది. పక్కనే నిలబడి బీన్స్ తరుగుతున్న తల్లి తల కూడా ఎత్తలేదు. కూతురు విసురుగా వచ్చి పొయ్యి కట్టేసింది.

"పక్కనే ఉండి ఆపలేవా అమ్మా? ఇల్లు ఎగిరిపోయినా నీకు పట్టదా?"

"ఏదో ఆలోచనలో ఉన్నానే. పొద్దున్నే ఆ చిర్రుబుర్రులేంటి?"

చిర్రుబుర్రులకు కారణం ఫోన్‌లో ఉంది. 'ఈ మిక్స్‌లతో నేనేమీ చేయలేను. మధ్యాహ్నంలోగా సరైనవి రాకపోతే వేరేవాళ్ళ పని మొదలుపెడతాను' అని మాస్టరింగ్ ఇంజనీరు మెసేజ్ పెట్టాడు. దొరక్క దొరక్క దొరికిన మనిషి. చేజారితే మళ్ళీ ఎప్పటికో!

తల్లి జీవితమంతా ఎవరెవరి పాటల్లోనో వెనక వరుసలో కోరస్ పాడింది. ఇన్నాళ్ళకి తన పేరుతో తొలి ఆల్బమ్. కూతురే పడగ్గది మూలలో రెండు స్పీకర్లు పెట్టుకుని, గొంతునీ వాయిద్యాలనీ దేని చోట దాన్ని సర్ది మిక్స్ చేసింది. చివరి మెరుగు దిద్దేది ఇంజనీరు గనక, ప్రతి పాటలో ఆయన కోసం పైన కాస్త ఖాళీ వదిలింది. శబ్దం అంచుదాకా నింపేస్తే ఆయన చేయడానికి ఏమీ ఉండదు. నిండు గ్లాసులో చక్కెర కలపమన్నట్టే.

వెళ్ళిన ఫైళ్ళు తెరిచి చూస్తే అన్నీ అంచుదాకా నిండి ఉన్నాయి. తల్లి గొంతు మిగతావాటి నెత్తినెక్కి కూర్చుంది. నిన్న తను ఆఫీసులో ఇరుక్కుపోయి, పంపే పని తమ్ముడికి అప్పగించింది.

"ఒరేయ్ చిట్టీ! పంపమన్నానా, మార్చమన్నానా?"

తల తుడుచుకుంటూ వచ్చిన తమ్ముడు గుమ్మంలోనే ఆగిపోయాడు. "కొంచెం సౌండ్ పెంచానక్కా, అంతే. అది కూడా..." తల్లి వైపు చూసి నోరు మూసుకున్నాడు.

"నీకేం తెలుసని వేలు పెట్టావురా? నా పని మొత్తం మట్టిపాలు చేశావు!"

"వాణ్ణేమీ అనకు, నేనే పెంచమన్నాను." తల్లి కత్తిని ఠపీమని బల్ల మీద పెట్టింది. "నా పాటలో నా గొంతే వినపడకపోతే ఏం చేయను? ఊరంతా నన్ను వెనక వరుసలో నిలబెట్టారు. కన్నకూతురివి, నువ్వూ అక్కడే నిలబెట్టావు."

కూతురికి ఒళ్ళు మండిపోయింది. తిండీ నిద్రా మానుకుని చేసిన పనికి దక్కిన మాట ఇదా! తల్లి చేయి పట్టుకుని గదిలోకి లాక్కెళ్ళి, తను చేసిన అసలు మిక్స్ పెట్టింది.

"విను! నీ గొంతు ఎక్కడ తగ్గించానో చూపించు!"

పాట మొదలైంది. తల్లి ముందుకు వంగి కూర్చుంది. కాసేపటికి ఆమె ముఖం కందగడ్డ అయింది. "చిరుగంట కూడా తీసేశావా? అది మోగితేగా నేను పాట అందుకునేది! దాన్ని కూడా ఉంచలేకపోయావా?"

చిరుగంట మోగుతూనే ఉంది. గుమ్మంలో నిలబడ్డ తమ్ముడికి కూడా గణగణా వినిపిస్తోంది. అక్కాతమ్ముళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు.

నోటిదాకా వచ్చిన తిట్టు అక్కడే ఆగిపోయింది. కూతురికి కెటిల్ గుర్తొచ్చింది. పాట ఆపి, ముఖం గోడ వైపు తిప్పుకుని, "అమ్మా, నీకు గంట వినపడలేదా?" అంది మెల్లగా. జవాబు రాలేదు. వెనక్కి తిరిగి చూస్తే తల్లి తన పెదవులు కదలడం కోసమే ఎదురుచూస్తోంది.

"ఏమన్నావే?"

"ఎప్పట్నుంచమ్మా ఇలా?" ఈసారి ఎదురుగా గట్టిగా అడిగింది.

తల్లి తల దించుకుంది. "చెవి పోయిందంటే ఎవరైనా పాడమంటారా? పాటలు బయటికొచ్చాక చెబుదామనుకున్నాను."

"మాకు కూడా చెప్పకూడదా? పైగా నన్నెంత మాటన్నావు!" కోపమూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి కూతురికి.

"అమ్మ గొంతు నాకు బాగానే వినపడుతోందని ఎంత చెప్పినా నమ్మలేదక్కా," అన్నాడు తమ్ముడు.

"నిజంగా నా గొంతు ముందుందా?" తల్లి కళ్ళు నిండిపోయాయి.

"అన్నిటికంటే ముందుందమ్మా."

"ఒట్టు?"

"ఒట్టు."

"అయితే పంపేయ్. నువ్వు విన్నావుగా, నాకది చాలు."

కూతురు మౌస్ మీద నుంచి చేయి తీసేసింది. "రేపు చెవుల డాక్టరు దగ్గరికి వస్తానంటేనే పంపుతాను."

"ఇదేం బెదిరింపే! సరే, వస్తాలే," అని గొణిగింది తల్లి.

"ఏంటీ? వినపడలేదు!"

"వస్తానన్నానే!" తల్లి ఇల్లదిరేలా అరిచింది.

కూతురు కళ్ళు తుడుచుకుని, ఖాళీ వదిలిన పాటల్ని వదిలినట్టే పంపింది.