నిలువు చెప్పే తాడు

ముసునూరు తోటలో ఆ రోజుకి ఇంకొక్క చెట్టే మిగిలింది. గాలివాన వస్తుందని ఫోన్లో మెసేజ్ రావడంతో చీకటి పడేలోపు దాని కాయలూ కోసేద్దామని రాజేష్ పట్టుబట్టాడు. వాళ్ళ నాన్న ఆంజనేయులు నలభై ఏళ్ళు మామిడి కొమ్మల మీదే బతికిన మనిషి. డెబ్భై దగ్గర పడ్డాక నిచ్చెన పట్టుకునే పనికి దిగాడు. నిచ్చెన పక్కకి ఒరగలేదని చూసుకుని కిందివాడు "నిలువే" అన్నాకే పైవాడు ఎక్కాలి. కోతల్లో అదే పద్ధతి.

ఆ ఒక్క మాటే ఇప్పుడు ఆంజనేయులుకి గండమైంది. సందె పడితే చాలు, చెట్లన్నీ ఒక పక్కకి ఒరిగినట్టు కనిపిస్తున్నాయి. "వయసు మీద పడితే అంతేనండి. వెలుతురు తగ్గితే ఏది నిలువో ఒంటికి తెలియదు, దాన్ని నమ్మకండి" అన్నాడు నూజివీడు డాక్టరు. కొడుక్కి చెప్పడానికి నామోషీ. చెబితే ఇంట్లో కూర్చోమంటాడు. అందుకే కొమ్మకి తాడు కట్టి, చివర రాయి వేలాడదీశాడు. నిచ్చెన ఆ తాడుకి సమంగా ఉంటే సరి. తన తెలివికి తనే మురిసిపోయాడు కూడా.

"నిలువేనా నాన్నా?"

"నిలువే. ఎక్కు."

రాజేష్ ఆకుల్లోకి వెళ్ళిపోయాడు. చిక్కంలో కాయలు పడుతున్నాయి. సొన వాసన ముక్కుపుటాలు అదరగొడుతోంది. ఉన్నట్టుండి గాలి ఆగింది. ఒక్క ఆకూ కదలడం లేదు.

తాడు కదిలింది.

ఆంజనేయులు వైపు... బెత్తెడు... జానెడు... అలాగే ఆగిపోయింది. రాయి ఊగడం లేదు. వాలినది వాలినట్టే ఉంది.

నిచ్చెన సరిగానే ఉందని అరచేతులు చెబుతున్నాయి. కానీ ఒంటిని నమ్మొద్దన్నారు కదా. తాడు అబద్ధం చెప్పదు కదా. పైనున్నది కన్నకొడుకు. నిచ్చెన పడిపోతోందన్న కంగారులో దాన్ని తాడుకి సమంగా గుంజాడు.

"నాన్నా... ఏం చేస్తున్నావ్?"

కొమ్మ మీంచి నిచ్చెన జారింది.

మర్నాడు మధ్యాహ్నం ఆసుపత్రి గదిలో లైట్లన్నీ వెలుగుతున్నాయి. రాజేష్‌కి ఇంకా తెలివి రాలేదు. రక్తం ఎక్కితేనే బతుకుతాడన్నారు. మంచానికి ఎడమ పక్క కూర్చున్న ఆంజనేయులు, చేజేతులా చేసుకున్నానని కుమిలిపోతున్నాడు. పాతికేళ్ళ నర్సు లీదియా, పైనుంచి వేలాడుతున్న రక్తం గొట్టాన్ని సరిచేసింది. అది మళ్ళీ ఎడమకి వాలింది.

"ఇదేంటి, ఇలా ఒరిగిపోతోంది?" అంది.

ఆంజనేయులు గొట్టం వైపు చూశాడు. ఇది తన కళ్ళ దోషం కాదు. మెల్లగా లేచి కుడి పక్కకి వెళ్ళి నిలబడ్డాడు.

గొట్టం కుడికి తిరిగింది. సూది మీద అంటించిన ప్లాస్టరు సాగుతోంది...

"తాతా... కాస్త బయటికి వెళ్తారా?" లీదియా గుసగుసలాడింది.

వెళ్ళాడు. వరండా చివరిదాకా నడిచి వెనక్కి తిరిగాడు. తెరిచిన తలుపులోంచి గొట్టం కనిపిస్తోంది. తన వైపే వాలి, బిగుసుకుని ఉంది.

"ఇంకెంత దూరం వెళ్ళమంటావమ్మా?" అన్నాడు.

లీదియా మంచం వైపే చూస్తోంది. స్పృహలో లేని రాజేష్ చెయ్యి దుప్పటి కిందినుంచి బయటికొచ్చి, మంచం అంచు దాటి, తలుపు వైపు సాగుతూ ఉంది.