ఎడమ వైపు ఇసుక

ఆ ఆదివారం పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. రాత్రి పట్టిన మబ్బు పట్టినట్టే ఉంది. వాన పడలేదు, ఎండ రాలేదు. కిటికీలోంచి నీళ్ళపాలలాంటి వెలుగు లోపలికి వచ్చి, ముందు గదిలో గోడకు ఆనించిన చేపల తొట్టి మీద పడి ఆగిపోయింది.

మామగారు గుమ్మం దగ్గర కూర్చుని బూట్లు వేసుకుంటున్నాడు. లిఫ్టుల మెకానిక్‌గా ముప్పై ఏళ్ళు చేసి రిటైరైన మనిషి.

"పాత లిఫ్టొకటి మధ్యలో ఆగిందట. కొత్తవాళ్ళకు అంతు చిక్కడం లేదట," అన్నాడు బూటు తాడుతో చెబుతున్నట్టు.

"టీ తాగి వెళ్ళండి మామయ్యా," అంది కోడలు.

"వచ్చాక."

"మరి తొట్టి?"

"అదీ వచ్చాకే."

తలుపు మూసుకుంది. ఆ ఇంట్లో ఒక రోజుకు సరిపడా మాటలు అయిపోయాయి.

కోడలు ఆ ఇంటికి వచ్చి మూడేళ్ళయింది. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని ఆమెది. భర్త లారీ డ్రైవరు, నెలకు రెండుసార్లు ఇంటికి వస్తే ఎక్కువ. అత్తగారు కుట్టుపని చేసేది. ఆవిడ ఉన్నన్నాళ్ళు ఆ ఇల్లు ఆవిడ నోటితోనే మాట్లాడేది. ఎనిమిది నెలల క్రితం ఆవిడ పోయింది. మిగిలినవాళ్ళకు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడాలో తెలియలేదు. ఆయన ఏడింటికే తిని పడుకుంటాడు. ఆమె దుకాణం నుంచి తొమ్మిదింటికి వచ్చి, వంటగదిలో నిలబడే నాలుగు ముద్దలు తింటుంది.

ఆ ఇద్దరూ ఒకే గదిలో ఉండేది ఆదివారం పొద్దున ఒక్క గంట. ఆయన తొట్టి శుభ్రం చేస్తాడు, ఆమె కూరగాయలు తరుగుతూ చూస్తుంది.

తొట్టిలో పదకొండు సిక్లిడ్ చేపలు. ఎక్కడో పెద్ద సరస్సుల అడుగున రాళ్ళ సందుల్లో బతికే జాతి. వాటికి ఇసుకంటే ప్రాణం. నోటితో తీస్తాయి, పక్కన పోస్తాయి, గుంట తవ్వుతాయి, రేపు మళ్ళీ పూడుస్తాయి. అందరికంటే ఎక్కువ తవ్వేదానికి అత్తగారు 'మేస్త్రి' అని పేరు పెట్టింది. పొట్ట ముందుకు పెట్టుకుని పని చేయకుండా అటూ ఇటూ తిరిగే నీలం చేప 'మేనేజరు'.

గులకరాళ్ళయితే మురికి సందుల్లోకి దిగిపోతుంది. ఇసుకలో అలా కాదు, పైనే కూర్చుంటుంది. మామగారు మురికి నీళ్ళు లాగే గొట్టం చివరను ఇసుకకు వేలెడు ఎత్తున పట్టుకుని మెల్లగా సున్నా చుడతాడు. మురికి లేచి గొట్టంలోకి పోతుంది, ఇసుక కింద పడుతుంది. వేలెడు కంటే కిందికి దించితే ఇసుకా వచ్చేస్తుంది, పైకెత్తితే మురికి రాదు. ఆ తర్వాత అల్లిక సూది తీసుకుని ఇసుకను అడుగుదాకా గుచ్చి కదుపుతాడు. కదపకపోతే ఇసుక గట్టిపడి లోపల కుళ్ళుతుంది.

కానీ ఆయన గొట్టం, సూది తొట్టిలో కుడి సగం దగ్గరే ఆగిపోతాయి. ముందు అద్దం కింది అంచున, సరిగ్గా మధ్యలో, గోరంత ఎర్ర టేపు ముక్క ఉంది. ఆయన అది దాటి ఎప్పుడూ పోడు. దుకాణంలో ఆదివారం సెలవు దొరికిన ఈ రెండు నెలలుగా కోడలు ఈ సంగతి చూస్తోంది. ఎడమ వైపు ఇసుక మీద గోధుమరంగు నాచు కట్టింది. అద్దం పక్కనుంచి చూస్తే ఇసుక అడుగున నల్లటి చార కనిపిస్తోంది. అద్దాల పని చేసే కళ్ళకు మరక కనిపిస్తే నిద్ర పట్టదు.

ఆయనకు మోకాళ్ళ నొప్పులు కదా, అందుకే సగంతో ఆపేస్తున్నాడనుకుంది.

టీ కలుపుతుంటే భర్త ఫోను చేశాడు.

"రాత్రికి వస్తున్నావా?"

"సరుకు దింపడం ఆలస్యమైతే రేపే. నాన్న ఏడీ?"

"లిఫ్టు దగ్గరికి."

"మీ ఇద్దరూ ఏమైనా మాట్లాడుకుంటున్నారా, లేక చేపల్లా నోళ్ళు తెరిచి మూస్తున్నారా?"

"చేపలు నయం. ఎదురుపడితే కనీసం కొట్టుకుంటాయి," అంది. టీ వడకడుతూ, "దుకాణం పై గదిలోకి అద్దెకు మారతామా అని ఓనరు మళ్ళీ అడిగాడు. రేపటికల్లా అవునో కాదో చెప్పాలి."

"నీ ఇష్టమని చెప్పాను కదా. నాన్నకు చెప్పావా?"

"ఎప్పుడు చెప్పను? ఆయన మాటల కోటా పొద్దున్నే అయిపోతుంది."

ఫోను పెట్టేశాక ఆమె తొట్టి ముందు నిలబడింది. వెళ్ళిపోతే వెళ్ళిపోతాం, ఈ ఒక్క పనైనా చేసి పోదాం అనుకుంది. ఆయన వచ్చేసరికి తళతళలాడుతూ ఉంటే కనీసం 'బాగుంది' అంటాడేమో. మూడేళ్ళలో ఆ మాట ఒకసారి వినాలని ఉంది ఆమెకు.

దుకాణంలో వాడే పల్చటి బ్లేడు తెచ్చి ముందు అద్దం మీది మరకలన్నీ గీకింది. ఎర్ర టేపు కూడా గీకేసి చెత్తబుట్టలో వేసింది. గొట్టం నీళ్ళలో పెట్టింది. పైపైన తీస్తే నల్లచార పోయేలా లేదు. అందుకని గొట్టాన్ని ఎడమ వైపు ఇసుకలో అడుగు అద్దం తగిలేదాకా దించి, రెండో చేత్తో గరిటె పెట్టి ఒక్కసారిగా తిరగేసింది.

ఇసుకలోంచి పెద్ద పెద్ద బుడగలు లేచాయి. కుళ్ళిన గుడ్ల వాసన గుప్పున కొట్టింది. నీళ్ళు బూడిదరంగుకు తిరిగాయి. మేనేజరు ఒక పక్కకు ఒరిగి, మళ్ళీ నిలదొక్కుకుని, మళ్ళీ ఒరిగింది. మిగతావి పైకొచ్చి నోళ్ళు నీటి పైన పెట్టి ఆవులించినట్టు తెరవసాగాయి.

భర్తకు ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఆమె వెనకాల వీధి తలుపు చప్పుడైంది.

మామగారు గుమ్మంలోంచే వాసన పట్టాడు. బూట్లు విప్పలేదు.

"బకెట్లు."

శనివారం సాయంత్రమే పట్టి ఉంచిన రెండు బకెట్ల నీళ్ళు వంటగది మూల ఉన్నాయి. ఆమె లాక్కొచ్చింది. ఆయన వల పెట్టి ఒక్కొక్క చేపనూ పట్టి బకెట్లో వదిలాడు. గాలి మోటారు గొట్టం తెచ్చి అందులో పడేశాడు. లిఫ్టుల్లో ఇరుక్కుపోయిన మనుషుల్ని ముప్పై ఏళ్ళు బయటికి తీసిన చేతులు తడబడలేదు.

బకెట్లలో ఏడు ఈదుతున్నాయి. నాలుగు తేలాయి. అందులో మేనేజరు ఒకటి.

"ఎవరు చెయ్యమన్నారు నిన్ను?" అన్నాడు.

"మురికి పట్టింది మామయ్యా. నల్లగా అయిపోయింది. మీకు మోకాళ్ళ నొప్పులని..."

"అడిగానా?"

"మీరు ఏదీ అడగరు."

ఆయన చూపు అద్దం కింది అంచు మీద ఆగింది. "టేపేది?"

"ఏ టేపు?"

"ఎర్రది. ఇక్కడుండాలి."

"గీకేశాను. మరకనుకున్నా."

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. టేపు ఉండాల్సిన చోటే చూస్తూ అన్నాడు: "అది మీ అత్త అతికించింది. తొట్టి కొన్నరోజున. కుడి వైపు నాది, ఎడమ వైపు తనది. నా సగంలో తను వేలు పెట్టదు, తన సగంలో నేను పెట్టను. పదిహేనేళ్ళు అలాగే చేశాం."

"అందుకని ఎనిమిది నెలలు ఆ వైపు ముట్టుకోలేదా?"

"అది నా వైపు కాదు."

"అత్తయ్య వచ్చి చేస్తుందనా?" ఆ మాట నోరు జారాక ఆమెకే భయమేసింది.

ఆయన తల ఎత్తాడు. "అది నీ పని కాదు."

ఆమె అంతవరకూ చేతిలో పట్టుకున్న గరిటె బల్ల మీద పెట్టింది. గొంతు పెంచలేదు.

"అయితే నా పనేదో చెప్పండి మామయ్యా. మూడేళ్ళయింది. అత్తయ్య కప్పు కొక్కేనికే ఉంది, నేను నా కప్పు గూట్లో బోర్లించుకుంటాను. అత్తయ్య కుర్చీలో కూర్చోను, నిలబడి తింటాను. తొట్టిలో మీదొక సగం, ఆవిడదొక సగం. నేను ఈ ఇంట్లో ఎక్కడుంటానో నాకే తెలియదు. దుకాణం పైన ఒక గది ఖాళీగా ఉంది. రేపు సరేనని చెబుతున్నాం. మీకు చెప్పాలనే చూస్తున్నా, ఇన్నాళ్ళూ కుదరలేదు."

లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. గడియ మాత్రం పెట్టుకోలేదు.

మధ్యాహ్నం పెంపుడు చేపల దుకాణం ఆయన వచ్చాడు. వీధిలో అందరూ ఆయన్ని 'బుడగలాయన' అంటారు. మామగారు ఫోను చేసి రమ్మన్నాడు. బుడగలాయన తొట్టి అడుగు చూసి, చేయి పెట్టి వాసన చూసి ముక్కు ముడిచాడు.

"ఎన్నాళ్ళయింది బాబాయ్ ఇటు కదిపి?"

"ఎనిమిది నెలలు."

"ఇంకేం, లోపల విషపు గాలి గూడు కట్టుకుని కూర్చుంది. ఎవరు తిరగేసినా బయటికొచ్చేదే. మీరు చేసినా ఇంతే, నేను చేసినా ఇంతే. మహా అయితే నేను సణుక్కుంటూ చేసేవాణ్ణి."

"ఆ అమ్మాయి చేసింది."

"ఆ అమ్మాయి చేసింది ఒక్క నిమిషం పని. మిగతా ఎనిమిది నెలలు ఎవరివి?" అని నవ్వాడు. మామగారు నవ్వకపోవడం చూసి ఆపేశాడు. "ఈ ఇసుక తీసేసి కడుక్కుని, నాలుగు వేళ్ళ మందం కాక రెండు వేళ్ళే పరచండి. ఇకనుంచి వారం వారం కదపాలి. అవతలి సగం కుళ్ళుతుంటే మీ సగం శుభ్రంగా ఉండి ఏం లాభం? నీళ్ళు ఒకటేగా."

ఆయన వెళ్ళాక మామగారు తొట్టిలో మురికి నీళ్ళు పారబోసి, ఇసుకంతా మగ్గుతో తోడి ఇంకో బకెట్లో పోశాడు. పెరట్లో కుళాయి కింద కడుగుతుంటే మొదట నల్లగా, తర్వాత మట్టిరంగుగా, చాలాసేపటికి తేటగా నీళ్ళు పారాయి. మోకాళ్ళ మీద కూర్చోలేక ఒక కాలు చాపుకుని కడిగాడు. కోడలు కిటికీలోంచి చూసింది. కాసేపు ఓర్చుకుంది. ఆ తర్వాత వచ్చి, ఏమీ అనకుండా ఆయన చేతిలోంచి బకెట్ తీసుకుని తను కడిగింది. ఆయన పక్కన కూర్చుని మగ్గుతో నీళ్ళు పోశాడు.

ఇసుక పరిచి, పెరట్లో డ్రమ్ములోని నిలవ నీళ్ళు మెల్లగా నింపి, ఏడు చేపల్ని వదిలేసరికి సాయంత్రమైంది. మబ్బు అప్పుడు కూడా కురవలేదు.

మామగారు కుట్టుమిషను సొరుగు లాగి ఏదో వెతికాడు. ఎనిమిది నెలల తర్వాత ఆ సొరుగు తెరుచుకోవడం అదే మొదలు. ఎర్ర టేపు చుట్ట, అల్లిక సూది తీసి కోడలి ముందు పెట్టాడు. సూదులు జత. ఇన్నాళ్ళూ ఆయన చేతిలో ఆమె చూసింది ఒకటి. ఇది రెండోది.

"నువ్వే అతికించు," అన్నాడు. "ఎక్కడ కావాలంటే అక్కడ."

ఆమె టేపు వైపు చూసింది గాని తీసుకోలేదు. "నాకీ పని రాదు మామయ్యా. పొద్దున చూశారుగా."

"మీ అత్తకూ వచ్చేది కాదు. మొదటి నెల్లోనే మూడింటిని చంపింది. చంపి, నీళ్ళ తప్పని నీళ్ళను తిట్టింది." సూదిని ఆమె వైపు జరిపాడు. "నువ్వు నీళ్ళను తిట్టలేదు. నేనే నిన్ను తిట్టాను."

ఆయన తొట్టిలోకి చూస్తూ అన్నాడు:

"మీ అత్త సగం నేను చేసేస్తే, తను ఇక లేనట్టే కదా అనిపించేది. చెయ్యకుండా వదిలేశాను. నీకు చోటు లేకుండా పోతోందని నాకు తట్టలేదమ్మా. లిఫ్టులో ఎవరైనా ఇరుక్కుంటే బయటినుంచి పిలుస్తాం, 'ఉన్నారా, ఉన్నారా' అని. నిన్ను నేను ఒక్కసారీ పిలవలేదు."

ఆమె కళ్ళు తుడుచుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, అద్దం కింది అంచును దుకాణంలో కళ్ళజోడు అద్దాన్ని చూసినట్టు ఒక పక్కనుంచి వంగి చూసింది. పదిహేనేళ్ళ జిగురు అంత తేలిగ్గా పోదు. గోరంత మసక మచ్చ ఒకటి వెలుగుకు అడ్డంగా కనిపించింది. టేపు తుంచి సరిగ్గా దాని మీదే అతికించింది.

"జరపలేదే?" అన్నాడాయన.

"సగం చాలు," అంది.

తర్వాత గొట్టం చివరను ఇసుకకు వేలెడు ఎత్తున ఎలా పట్టుకోవాలో ఆయన చూపించాడు. ఆమె చేయి కొంచెం కిందికి దిగితే "ఊఁ" అనేవాడు, పైకి పోతే "ఊహూఁ" అనేవాడు. ఆ రెండు మాటలతోనే పాఠం అయిపోయింది.

రాత్రి భర్త ఫోను చేశాడు. సరుకు దింపలేదు, రేపే వస్తానన్నాడు. "ఓనరుకు ఏం చెప్పావు?" అని అడిగాడు.

"పొద్దున్నే వద్దని చెబుతా."

"ఏమైంది?"

"వచ్చాక చెబుతాలే," అంది అచ్చం మామగారిలా.

ఫోను పెట్టేసి గుడ్లు వేయించి, రొట్టెలు వేడి చేసి, పళ్ళెం ఒకటి ఆయన ముందు పెట్టింది. ఏడు దాటి చాలాసేపయింది. ఆయన ఇంకా తినలేదు. ఎందుకు తినలేదో ఆమె అడగలేదు. ఆయన లేచి, తొట్టికి ఎదురుగా ఉన్న అత్తగారి కుర్చీ మీంచి మడతపెట్టిన బట్టలు తీసి బల్ల మీద పెట్టాడు. కుర్చీని కొంచెం వెనక్కి లాగి మళ్ళీ తన చోట కూర్చున్నాడు.

ఆమె తన పళ్ళెం తెచ్చుకుని ఆ కుర్చీలో కూర్చుంది.

ఇద్దరూ తిన్నారు. తొట్టిలో మేస్త్రి ఎడమ వైపు చేరి, కొత్తగా పరిచిన ఇసుకను నోటినిండా తీసి పక్కన ఉమ్ముతోంది. ఇసుక రేణువులు అద్దానికి తగిలి చిటచిటమంటున్న చప్పుడు, రొట్టె తుంచుతున్న చప్పుడు తప్ప ఆ గదిలో ఇంకేమీ వినపడలేదు.