వర్క్‌షాప్‌లో అమ్మ చెప్పిన కథ

పొద్దున్నే తువ్వాలు భుజాన వేసుకుని బాత్రూమ్ తలుపు దగ్గర నిలబడింది చిన్ని. లోపల తల్లి అద్దంతో మాట్లాడుతోంది.

"మీ గైడ్ మీకు శత్రువు కాదు. ఆయనతో ఎలా మాట్లాడాలో మీకు తెలియదు, అంతే." కాస్త ఆగి అదే మాట ఈసారి నవ్వు కలిపి చెప్పింది.

"అమ్మా, అద్దానికి అర్థమయ్యే ఉంటుంది. ఇక బయటికి రా," అంది చిన్ని. హాల్లో సోఫా మీదున్న అమ్మమ్మ కిసుక్కున నవ్వింది.

తల్లి యూనివర్సిటీలో పీజీ, పీహెచ్‌డీ విద్యార్థులకు వర్క్‌షాపులు నడుపుతుంది. ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలి, సభలో పేపర్ ఎలా చదవాలి, గైడ్ ముందు నోరు ఎలా పెగల్చుకోవాలి, ఇవన్నీ నేర్పుతుంది. మైకు పట్టుకుంటే హాలంతా ఆమె గుప్పిట్లో ఉంటుందని పేరు. చిన్ని అదే యూనివర్సిటీలో మొక్కల తెగుళ్ళ మీద పరిశోధన చేస్తోంది. ఇన్నాళ్ళూ ఏదో ఒక సాకు చెప్పి తల్లి క్లాసులు ఎగ్గొట్టింది. ఈసారి హాజరు తప్పనిసరి అన్నారు.

"వెనక కూర్చుంటా. నేను నీ కూతుర్నని ఎవరితోనూ అనకు."

"నేనెందుకంటానే," అంది తల్లి, చెవి కమ్మ సరిచేసుకుంటూ.

సెమినార్ హాల్లో తడిసి ఆరిన తివాచీ వాసన. కాగితం కప్పుల్లో టీ మీద అప్పటికే మీగడ కట్టింది. ముందు వరసలో ప్రొఫెసర్ కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. చిన్ని పరిశోధనకు గైడ్ ఆయనే. ఈ వర్క్‌షాపులు ఎవరికివ్వాలో తేల్చే కమిటీకి పెద్దా ఆయనే. లేచి రెండు మాటలు మాట్లాడాడు. "విద్యార్థులంటే నాకు కన్నబిడ్డల కింద లెక్క," అన్నాడు. చిన్నికి నోట్లో ముద్దలో వెంట్రుక తగిలినట్టయింది.

నిరుడు ఆమె ఎండలో పొలాలు తిరిగి, ఆకులు ఏరి, సూక్ష్మదర్శినికి కళ్ళప్పగించి తేల్చిన విషయాన్ని ఆయన తన పేరు మీదా, తన మేనల్లుడి పేరు మీదా అచ్చువేయించుకున్నాడు. అడగడానికి వెళితే ల్యాబ్‌లో అందరి ముందూ నవ్వాడు. "ఏడిస్తే డాక్టరేట్లు రావమ్మా. మొహం కడుక్కుని పని చూసుకో," అన్నాడు.

ఆ సాయంత్రం ఫిర్యాదు చేస్తానని ఇంటికొచ్చిన కూతుర్ని తల్లే ఆపింది. ఆయనతో పెట్టుకుంటే చదువు అటకెక్కుతుందని భయపెట్టింది. చిన్ని చేతిలోంచి ఫోను లాక్కుని, 'తొందరపడ్డాను, క్షమించండి సర్' అని ఆయనకు తల్లే రాసి పంపేసింది. తర్వాత కొన్ని వారాలు చిన్ని మంచం దిగలేదు.

ఇప్పుడు వేదిక మీద తల్లి గొంతు తగ్గించింది. "మీకో అమ్మాయి కథ చెప్తాను. పరిశోధన తనది, పేపర్ మీద పేరు ఇంకొకరిది. ఏడ్చుకుంటూ నా దగ్గరికొచ్చింది."

చిన్ని చేతిలో కప్పు అలాగే ఆగిపోయింది.

"నేనామెకు ఒక్క వాక్యం నేర్పాను. 'సర్, ఈ పనిలో నా వంతు గురించి కూర్చుని మాట్లాడుకుందామా?' అంతే. కోపం లేదు, కన్నీళ్ళు లేవు. ఆ అమ్మాయి వెళ్ళి అలాగే అంది. గైడ్ మనసు కరిగింది. మర్నాడే ఆమె పేరు చేర్చాడు."

చప్పట్లు మోగాయి. అందరికంటే ముందు కొట్టింది ప్రొఫెసరే. "అదీ మాట నేర్పు అంటే," అంటూ వెనక్కి తిరిగి హాలంతా చూశాడు. చిన్ని మీద ఒక్క క్షణం చూపు ఆపి, తాపీగా నవ్వాడు.

పక్క కుర్చీలో ఎవరో సన్నటి అమ్మాయి ఆ వాక్యం గబగబా రాసుకుంది. "అక్కా, మా సర్ దగ్గర ఇలా అంటే పనవుతుందంటారా?" అని గుసగుసగా అడిగింది.

చిన్ని నోట్లో ఉన్న టీ మింగుడు పడలేదు. తిరిగి కప్పులోనే ఉమ్మేసి, తలుపు తోసుకుని బయటికొచ్చేసింది.

సాయంత్రం తల్లి మంచి హుషారుగా ఇల్లు చేరింది. వంటింట్లో తండ్రి గిన్నెలు తోముతున్నాడు.

"మధ్యలో లేచి వెళ్ళిపోయావేం? తలనొప్పా?"

"కాదు. అసహ్యం వేసింది."

తల్లి చెప్పులు విడుస్తున్నదల్లా ఆగింది. "పేరు చెప్పలేదుగా చిన్నీ. ఎవరికి తెలుస్తుంది?"

"ఆయనకి తెలుసు. నా మొహంలోకి చూసి మరీ నవ్వాడు. ఆయన చేసిన వెధవపనికి నువ్వు మంచి ముగింపు రాసిచ్చావు, ఆయన చప్పట్లు కొట్టాడు. మీరిద్దరూ కలిసి నన్ను రెండోసారి దోచుకున్నట్టుంది."

వంటింట్లో తండ్రి కుళాయి ఇంకాస్త తిప్పాడు. ఇంట్లో గొంతులు పెరిగితే నీళ్ళ చప్పుడు పెంచడం ఆయనకలవాటు.

"పిల్లలకి ధైర్యం ఇద్దామనే కదా చెప్పింది," అంది తల్లి.

"ధైర్యమా? నా పక్కనున్న పిల్ల నీ వాక్యం రాసుకుంది. రేపెళ్ళి అంటుంది. వాళ్ళ సర్ నవ్వుతాడు. అప్పుడా పిల్ల ఏమనుకుంటుందో తెలుసా? మేడమ్ నేర్పింది సరిగ్గా చెప్పలేకపోయాను, తప్పు నాదే అనుకుంటుంది. అన్నాళ్ళు మంచం మీద పడి నేననుకున్నదీ అదే."

"చాల్లే, ఇక ఆపు. ఇరుగుపొరుగు వింటారు."

"ఎందుకే ఆపడం?" అంది అమ్మమ్మ సోఫాలోంచి. "ఊరందరికీ నోరు విప్పడం నేర్పుతావు. ఇంట్లో పిల్ల విప్పితే మూయిస్తావేం?"

తల్లి మొహం కందిపోయింది. "నీకేమ్మా, అంటావు. ఆయన్ని కాదంటే దీని చదువేమయ్యేది?"

"నా చదువు గురించేనా అమ్మా నీ బాధ? నీ మైకు గురించి కాదా?" చిన్ని గొంతు పెరగలేదు. అదే తల్లికి ఎక్కువ తగిలింది. "ఆ రోజు నా ఫోన్లో సారీ రాస్తున్నప్పుడు నీకు ముందు గుర్తొచ్చింది నా చదువా, నీ మైకా? నిజం చెప్పు."

నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. తండ్రి తడిచేతులతో గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. తల్లి సోఫా అంచున కూలబడింది.

"రెండూ గుర్తొచ్చాయి," అంది చివరికి. "ఏది ముందో... అడక్కే."

చిన్ని తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. అంత అందంగా అబద్ధం చెప్పిన నోరే తనకు జోలపాడింది కదా అనుకుంది.

మర్నాడు చిన్ని బయల్దేరేసరికి తల్లి గుమ్మంలో సిద్ధంగా ఉంది. "డీన్ దగ్గరికి వెళ్దాం పద. నేనూ వస్తా."

"నీ వర్క్‌షాపులు పోతాయి."

"పోనీ. రాత్రి ఆ వాక్యం నాకు నేనే చెప్పుకుని చూశాను. నాకే రోత పుట్టింది."

డీన్ నెమ్మదస్తురాలు. అంతా విని, ప్రొఫెసర్‌ను ఫోన్లో అడిగింది. ఆయన అప్పటికప్పుడే పాత మెసేజ్ పంపించాడు. డీన్ దాన్ని చూపించింది. "మీ అమ్మాయి అప్పట్లో తప్పు ఒప్పుకున్నట్టుంది కదా?"

తల్లి రెండుసార్లు మొదలుపెట్టి ఆగింది.

"అది దీని మాట కాదండీ," అంది ఎట్టకేలకు. "నేను రాశాను. దీన్ని అడక్కుండా పంపాను. నా పని పోతుందని భయపడ్డాను." ఏడుపొచ్చేసింది.

మిగతాదంతా చిన్నే చెప్పింది. ఏ పొలంలో ఏ ఆకు కోసిందో, ఏ ఫొటో ఎప్పుడు తీసిందో, ల్యాబ్‌లో ఆయన ఏమన్నాడో, ఎవరెవరు విన్నారో. మధ్యలో కన్నీళ్ళూ వచ్చాయి, కోపమూ వచ్చింది. వాటిని దాచుకోలేదు. డీన్ ఆపలేదు.

విచారణ చాలాకాలం సాగింది. ల్యాబ్‌లో ఆ రోజు విన్నవాళ్ళలో ఇద్దరు నోరు విప్పారు. పేపర్ మీద చిన్ని పేరు చేరింది, మేనల్లుడి పేరు పోయింది. ఆమెకు వేరే గైడ్‌ను ఇచ్చారు. ప్రొఫెసర్ కమిటీలోంచి తప్పుకున్నాడు కానీ, ఉద్యోగంలో నిక్షేపంగానే ఉన్నాడు. కారిడార్‌లో ఎదురైతే ఇప్పటికీ అదే తాపీ నవ్వు నవ్వుతాడు. తల్లిని మళ్ళీ వర్క్‌షాపులకు పిలవలేదు. ఆ సన్నటి అమ్మాయి ఎవరో వెతికి పట్టుకుని, ఆ కథ అబద్ధమని తల్లే స్వయంగా చెప్పి వచ్చింది.

ఒక సాయంత్రం వంటింట్లో ఇద్దరూ చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు.

"నీమీద ఇంకా కోపం పోలేదమ్మా," అంది చిన్ని తలెత్తకుండా.

"ఉండనీ."

"ఒక్కోసారి నీ గొంతు వింటే అసహ్యం కూడా వేస్తుంది."

తల్లి చేతిలో కాయ జారింది. కళ్ళు నిండాయి. ఎప్పటిలా నవ్వు కలపడానికి, ఏదో ఒకటి చెప్పి ఒప్పించడానికి ఆమె ప్రయత్నించలేదు.

"అదీ చెప్పు," అంది. "వింటాను."

చిన్ని కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకుని, చెప్పడం మొదలుపెట్టింది.