లోపల వదిలిన గుడ్డ

“ఎంత?” అంది కుట్టుమిషను వెనుక కూర్చున్న అమ్మాయి.

తేజేశ్వర్‌కు అర్థం కాలేదు. కుర్తాను బల్ల మీద పెట్టి, కాస్త అడ్జస్ట్ చేసి ఇమ్మని హిందీలో అడిగాడు. జవాబు తెలుగులో వచ్చింది. హనుమకొండలో ఉన్న అమ్మతో ఫోన్లో మాట్లాడుతూనే దుకాణంలోకి వచ్చిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

“ఎంత అంటే?”

“అర అంగుళమా, అంగుళమా? వదులు సెయ్యాలా, బిగించాలా? అడ్జస్ట్ అంటే మిషనుకి తెలీదు బాబూ. ఆ మాట ఈ షాపులో ఒప్పుకోం.”

కలకత్తా భవానీపూర్‌లో ఒక పాత ఇంటి మెట్ల కింద ఉంది ఆ దుకాణం. నిలబడితే తల తగులుతుంది. బయట శ్రావణపు వాన మూడు రోజులుగా ఎవరి అనుమతీ అడగకుండా కురుస్తోంది.

“వదులు చెయ్యాలి. ఛాతీ దగ్గర పట్టేస్తోంది.”

ఆమె కుర్తాను తిరగేసి, లోపలి కుట్టును వేలితో తడిమింది. వైద్యుడు నాడి చూసినట్లుంది ఆ తడమడం.

“ఇందులో ఏటీ నేదు.”

“ఏమి లేదు?”

“గుడ్డ. కొలిచి కుట్టినోళ్ళు లోపల అంగుళమైనా వదులుతారు, రేపు మనిషి ఒళ్ళు చేస్తే విప్పుకోడానికి. రెడీమేడోళ్ళు వదల్రు. విప్పడానికి ఏదో ఒకటి ఉండాలి గదా? ఇంత బిగువుది ఎందుకు కొన్నారు?”

“ఆఫీసులో ఒక పెళ్ళికని అందరికీ ఒకే రంగువి తెప్పించారు. పెద్ద సైజు ఒకటి తక్కువైంది. నేను అడ్జస్ట్ అవుతానన్నాను.”

“మిగతా అందరికీ సరిపోయాయేటి?”

“సరిపోయాయి.”

“అయితే అందరూ పెళ్ళి సూస్తారు. మీరు మాత్రం ఊపిరి బిగబట్టుకుని నిలబడతారు.”

ఆ మాటకు అతడు నవ్వాడు. నవ్వాక, అందులో నవ్వవలసింది అంతగా ఏమీ లేదని తోచింది.

మరునాడు కుర్తా సిద్ధమైంది. ఆవపువ్వు రంగు గుడ్డకు చంకల కింద చిలకపచ్చని పట్టీలు వేసింది ఆమె. “ఆ రంగు గుడ్డ దొరకలేదు. సెరోపక్కా అంగుళమున్నర. సేతులు దించుకుంటే ఎవులికీ కనబడదు.”

కానీ పెళ్ళికొడుకు ఇంట జరిగే బౌభాత్ విందులో ఫొటో తీసేవాడు అందరినీ చేతులెత్తమన్నాడు. ఆఫీసు మిత్రుడు, పెళ్ళికొడుకు ఆశిష్ కళ్ళు పెద్దవి చేశాడు.

“దాదా, ఆ పచ్చగా ఉన్నదేమిటి?”

“ఊపిరి,” అన్నాడు తేజేశ్వర్.

ఆ ముక్క ఆమెకు చెప్పాలనిపించింది. చెప్పడానికి వెళ్ళేందుకు ఒక చొక్కా కావాలి గనుక, చొక్కా ఒకటి పట్టుకెళ్ళాడు.

ఆమె పేరు జ్యోతిరాణి. తండ్రి దుర్గారావు మునిసిపాలిటీలో నీటి పైపులు బాగుచేస్తాడు. తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి ఇదే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆమె దర్జీల పేట మెటియాబ్రుజ్‌లో ఒక ముసలి దర్జీ దగ్గర నాలుగేళ్ళు పని నేర్చుకుంది. తెలుగు గలగలా మాట్లాడుతుంది. చదవడం మాత్రం రాదు.

చొక్కా తరువాత ప్యాంటు. ప్యాంటు తరువాత మరో చొక్కా. ఆరోసారి ఆమె సుద్దముక్క కింద పెట్టి అతడి వంక చూసింది.

“మీ బట్టలన్నీ అయిపోయినట్టున్నాయి. రేపు దుప్పటి తెస్తారేటి?”

“తెస్తే వదులు చేస్తారా?”

“దుప్పటికి కొలతేటండీ, మనిషికి గానీ!”

ఆ రోజు వాన దారి మూసేసింది. ఇద్దరూ టీ తాగుతుండగా అతడు అడిగాడు, ఆ ఒక్క మాట మీద ఆమెకు అంత కోపం ఎందుకని.

“నిరుడు సంత్రాగాఛి రైల్వే క్వార్టర్ల నుంచి నన్ను సూసుకోడానికి వచ్చారు. పెళ్ళికొడుకు తల్లి అంది, మా ఇంట్లో అడ్జస్ట్ అవ్వాలమ్మా అని. నాను ‘ఎంత?’ అని అడిగినాను. ఎటకారం కాదు, నిజంగానే అడిగినాను. మిషను ఉంచుకోవచ్చా, మానీయాలా? మా నాన్నని సూడ్డానికి వారానికోసారి రావొచ్చా, పండక్కే రావాలా? కొలత సెప్తే ఆలోసించుకుంటాను గదా. కప్పులు కింద పెట్టి ఎల్లిపోనారు. ఇప్పుడు మావోళ్ళల్లో నా పేరు జ్యోతిరాణి కాదు. ‘ఎంత’ అన్న పిల్ల.”

“మీ నాన్నగారు ఏమన్నారు?”

“అడగడం తప్పు కాదే, ఆల్లు పకోడీలు తిన్నాక అడగాల్సింది అన్నాడు.”

తేజేశ్వర్ నవ్వు ఆపుకున్నాడు. “ఆ మాట వద్దంటే మరేం అనాలి? సర్దుకోవడం అనవచ్చా?”

“అది సామానుకి. ఒక పెట్టె జరిపితే రెండోదానికి సోటొస్తాది. రెండూ ఉంటాయి. పర్లేదు.”

“ఓర్చుకోవడం?”

“అది నొప్పికి. అక్కడ మనం ఒక్కలమే ఉంటాం.”

“రాజీ?”

“దెబ్బలాడుకున్నోళ్ళకి. ఇంకా దెబ్బలాటే అవనేదు గదా!” ఆమె కప్పు తిప్పింది. “ఇక్కడోళ్ళు ‘మానియే నేవా’ అంటారు. మనసుని ఒప్పించుకోటం. తీరా మనసు ఒప్పుకున్నాదా నేదా అని ఎవులూ అడగరు.”

అతడు కాసేపు ఆలోచించాడు. “ఒదగడం?”

ఆమె ఒళ్ళో ఉన్న గుడ్డను నిమిరింది.

“అది మంచి మాట. మా నాయనమ్మ అనేది, రవిక ఒళ్ళుకి ఒదిగినాది అని. ఒళ్ళు రవికకి ఒదిగినాదని ఎప్పుడూ అనలేదు.”

వాన తగ్గింది. అతడు గదికి నడుస్తూ తన సంగతి తాను తిరగేసి చూసుకున్నాడు. గదిలో కిటికీ పక్క మంచం ఇంకొకరిది. ఆఫీసులో సెలవు రోజుల పని తనది. ‘సర్దుకుపోయే పిల్లవాడు’ అని అందరూ మెచ్చుకుంటే, అది ఉదారత అనుకున్నాడు ఇన్నాళ్ళూ. తన కొలత ఎన్నడూ చెప్పనివాడు ఉదారుడా? లేక, కాదంటారేమోనన్న భయం కొద్దీ కనబడకుండా ఉండేవాడా? ఇవ్వడానికి ముందు తనదంటూ ఒకటి ఉండాలి కదా. కుట్టు లోపల తన కోసం తాను ఏం వదిలి ఉంచుకున్నాడు?

మరునాడు అతడు బట్టలేవీ లేకుండా దుకాణానికి వెళ్ళాడు.

“ఏటి, ఉత్తి సేతులతో వచ్చారు?”

“నాకు అడగడం రాదు. ఈ ఒక్కటీ అడుగుతాను. నాకు మీరు కావాలి. అంగుళం కూడా తగ్గకుండా.”

మిషను ఆగింది. సూది గుడ్డలోనే ఉండిపోయింది. జ్యోతిరాణి చెవుల దాకా ఎర్రబడి, దారం తెగకపోయినా దారం తెగినట్లు వంగి వెతికింది.

“మీది అడ్జస్ట్ అయిపోయే నోరు,” అంది చివరికి. “నాకిప్పుడు సెప్పింది, మీ అమ్మగారి ముందు సెప్పగలరా? అక్కడ మీరు నోరు మూసుకుంటే నా బతుకంతా నానే ‘ఎంత’ అని అడుక్కుంటూ ఉండాలి. అది నాను సెయ్యను.”

దుర్గాపూజల ముందు తేజేశ్వర్ తల్లి కమలాదేవి కొడుకును చూడడానికి కలకత్తా వచ్చింది. విషయం విని, సరే చూద్దాం పద అంది. దుర్గారావు క్వార్టర్లో ఒకే గది. ఆ గది ఆ రోజు అద్దంలా మెరిసింది. పకోడీల పళ్ళెం ముందే సిద్ధంగా ఉంది. ఆ ప్రశ్న నోటివెంట రానివ్వనని జ్యోతిరాణి తండ్రికి మాట ఇచ్చింది.

“పిల్ల మంచిగున్నది,” అంది కమలాదేవి. “పని కూడా చేతిల ఉన్నది. గని మా దిక్కు తిండి వేరే, మాట వేరే. మాతోని అడ్జస్ట్ అయితదా?”

“ముందు తినండమ్మా, సల్లారిపోతాయి,” అంటూ దుర్గారావు పళ్ళెం ముందుకు తోశాడు.

జ్యోతిరాణి పెదవులు బిగించింది. ఆమె చూపు కమలాదేవి మీద లేదు. తేజేశ్వర్ మీద ఉంది. 

“ఎంతమ్మా?” అన్నాడు తేజేశ్వర్.

“ఏందిరా?”

“ఎంత అడ్జస్ట్ కావాలె? మిషను ఆపాల్నా? వాళ్ళ నాయనను చూడాల్నంటే ఎవరినన్న అడగాల్నా? ఆమె ఎంత, నేనెంత, మనమెంత? కొలత చెప్పమ్మా. తెల్వకుంట ఆమె ఎట్ల ఒప్పుకుంటది?”

  కమలాదేవి కొడుకును కొత్తగా చూసినట్లు చూసింది. పకోడీ ఒకటి తీసుకుంది, తినలేదు. కాసేపటికి పోదాం పదమని లేచింది.

మెట్రోలో ఆమె సంచీ ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా చూస్తూ కూర్చుంది. తేజేశ్వర్‌కు అంతా చెడిపోయిందనిపించింది. అయినా లోపల ఒక వింత తేలిక. ఛాతీ దగ్గర పట్టెయ్యడం లేదు.

“నువ్వు ఎన్నడూ ఏదీ అడుగలె,” అంది కమలాదేవి, ఎదురుగా చూస్తూనే. “చిన్నప్పుడు చెప్పులు కరుస్తున్నయని గూడ చెప్పలె. కాళ్ళు పుండ్లయినంక నేనే చూసిన. ఇయ్యాల ఆ పిల్ల కోసం అడిగినవ్.”



మరునాడు ఉదయమే దుకాణానికి తీసుకుపొమ్మంది. వాన మళ్ళీ మొదలైంది. కమలాదేవి మెట్ల కింద తల వంచుకుని లోపలికి వెళ్ళి, సంచీలోంచి కుంకుమ భరిణె తీసి జ్యోతిరాణికి బొట్టు పెట్టింది. చేతిలో జాకెట్టు ముక్క పెట్టింది.

బొట్టు పెట్టి ఇచ్చే జాకెట్టు ముక్కల సంగతి తెలియనిది ఎవరికి! అవి ఏ ఒంటికీ సరిపోవు; మడత విప్పకుండానే ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తిరుగుతూ ఉంటాయి. జ్యోతిరాణి చేతులు అలవాటు కొద్దీ మడత విప్పాయి. జానతో కొలిచాయి. ఆగి, మళ్ళీ కొలిచాయి.

“అమ్మగోరూ, ఇది మీటరుంది. నాకు ఎనభై సెంటీమీటర్లు సరిపోద్ది.”

“ఎరుకే. నిన్న రాత్రి బట్టల దుకాణంల దగ్గరుండి కోపిచ్చిన.” కమలాదేవి కొంగుతో ముఖం తుడుచుకుంది. “నా పెండ్లి రవికెల లోపల గుడ్డ విడువలె. ఏడాది తిరగంగనే ఊపిరాడలె. ఎవ్వలకు చెప్పలె. నిన్న వీడు కొలత అడిగిండు. అంకె నాకు తెల్వది బిడ్డా, గింత అని చెప్పలేను. నువ్వయితే లోపల మంచిగ విడిచి కుట్టుకో. ఎప్పుడు బిగువనిపిస్తే అప్పుడు విప్పుకో, నన్ను అడుగకు.”

జ్యోతిరాణి ఆ గుడ్డను గుండెకు ఆనించుకుంది. ఏదో అనబోయి, కళ్ళు నిండడంతో మిషను వైపు తిరిగి, ఏ పనీ లేని టేపును చుట్టడం మొదలుపెట్టింది.

బయట గుమ్మంలో తేజేశ్వర్ ఆవపువ్వు రంగు కుర్తాలో నిలబడి, మెట్ల మీంచి కారే ధార బయటికి వస్తున్న తల్లి మీద పడకుండా గొడుగు ఎత్తి పట్టుకున్నాడు. చెయ్యి పైకి లేచింది.

“గా చంక కింద పచ్చగ ఏందిరా?” అంది కమలాదేవి.

అతడు జవాబు చెప్పేలోపే, టేపు చుడుతున్న మనిషి తల ఎత్తకుండా అంది:

“అంగుళమున్నర, అత్తమ్మా.”